గడ్డిలో విత్తే మిషన్ కావాలి, అంతకంటే ముందు గడ్డిని పరిచే మిషన్ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా వరి కోతలు మొదలవగానే మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త తప్పకుండా వస్తుంది. పొలాల్లో గడ్డి, కొయ్యకాళ్ళు తగలబెట్టకండి, భూసారం పోతుంది, పొగ వస్తుంది అని వ్యవసాయ అధికారుల సూచన. మంచి మాటే, నేను కూడా మా ఊళ్ళో అదే చెప్తాను. కానీ ఆ వార్త ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది. తగలబెట్టకపోతే ఆ గడ్డి మధ్యలో మినుము ఎలా వెయ్యాలి, మొక్కజొన్న ఎలా పెట్టాలి, ఏ మిషన్‌తో, ఎంత హార్స్‌పవర్ ట్రాక్టర్‌తో, ఆ మిషన్ అద్దెకి ఎక్కడ దొరుకుతుంది అన్నది ఎవరూ రాయడం లేదు, చెప్పడం లేదు. రైతుకి కావాల్సింది ఆ రెండో సగమే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే, వీలైతే కత్తిరించకుండా వెయ్యండి.

మాది పద్మనాభం మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాని మూడు ముక్కలు చేశాక విశాఖపట్నం జిల్లా అంటే సిటీ, బీచ్, స్టీలు ప్లాంటు, పోర్టు, అంతే అనుకుంటున్నారు చాలామంది. భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి మండలాల్లో ఇంకా వరి పండుతోంది, గోస్తనీ పక్కన పల్లపు మడుల్లో వరి తర్వాత రెండో పంటగా పెసర, మినుము, నువ్వులు, ఉలవలు వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉన్నారు గానీ తగ్గిపోతున్నారు. ఆ తగ్గడానికి నీళ్ళు ఒక కారణం, ధర ఒక కారణం, వాటి గురించి మీ పత్రికలో చాలా వచ్చింది. మూడో కారణం కోత మిషన్ వదిలి వెళ్ళిన గడ్డి, దాని గురించి ఏమీ రాలేదు.

మా నాన్నల కాలంలో పద్ధతి చాలా తేలిక. వరి ఇంకా పొలంలో నిలబడి ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, బురద పదును మీద మినుములో పెసలో చల్లేసేవారు. దుక్కి లేదు, దమ్ము లేదు, ఖర్చు లేదు. మనుషులు కొడవళ్ళతో కోసేవారు, పనలు ఎండాక మోసుకుపోయి కుప్ప వేసేవారు, గడ్డి పొలంలో మిగిలేది కాదు. పనలు తీసేసరికి కింద మొలకలు లేచి ఉండేవి. కృష్ణా, గోదావరి జిల్లాల డెల్టాలో లక్షల ఎకరాల్లో మినుము ఇలాగే పండించారు. జీరో టిల్లేజ్ అని ఇవాళ పెద్ద పేరు పెట్టి చెప్తున్నది, దున్నకుండా విత్తడం, మన కోస్తా రైతుకి కొత్త సంగతేమీ కాదు.

ఇప్పుడు కోతకి మనుషులు లేరు. ఉన్నవాళ్ళు సిటీలో కట్టడాల పనులకో, భోగాపురం ఎయిర్‌పోర్టు వైపో వెళ్ళిపోతున్నారు, వాళ్ళని తప్పుపట్టేదేముంది, అక్కడ రోజు కూలి ఎక్కువ, నడుము వంచక్కర్లేదు. పైగా నవంబరు, డిసెంబరు అంటే బంగాళాఖాతంలో ఎప్పుడు వాయుగుండం పుడుతుందో అన్న టెన్షన్. నాలుగు రోజులు పనలు పొలంలో ఆరబెట్టే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని చైన్ల మీద నడిచే కోత మిషన్, అదే చైన్ హార్వెస్టర్, వస్తుంది, గంటల్లో కోసి ధాన్యం ట్రాక్టర్‌లో పోసేస్తుంది. రైతు ఊపిరి పీల్చుకుంటాడు. కానీ ముందే చల్లిన మినుము ఆ చైన్ల కింద నలిగిపోతుంది. మిగిలిన చోట మిషన్ వెనక నుంచి గడ్డి ఒక బారుగా, కట్ట వేసినట్టు పడుతుంది. ఆ బారు కింద మొలకకి వెలుతురు ఉండదు, గాలి ఉండదు, పాలిపోయి కుళ్ళిపోతుంది. బారుకీ బారుకీ మధ్య మాత్రం మొలుస్తుంది. ఫిబ్రవరిలో ఆ పొలాన్ని గట్టు మీద నుంచి చూస్తే చారలు చారలుగా ఉంటుంది, సగం పంట, సగం ఖాళీ.

సరే, కోత అయ్యాకే వేద్దాం అంటే గడ్డి అడ్డం. ట్రాక్టర్ వెనక తిరుగుతూ మట్టిని గుల్ల చేసే రోటావేటర్ వేస్తే పొడుగు గడ్డి దాని బ్లేళ్ళకి చుట్టుకుంటుంది, రెండుసార్లు తిప్పితే గానీ మడి దారికి రాదు, ఆ రెండుసార్లలో నేలలో ఉన్న పదును ఆరిపోతుంది. వరి మాగాణిలో రెండో పంటకి ఉన్న ఆస్తి అంతా ఆ మిగిలిన పదునే కదా, తడి పెట్టే వసతి అందరికీ లేదు. మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ దున్ని విత్తేసరికి డిసెంబరు అయిపోతుంది, పూత టైముకి ఎండలు ముదురుతాయి, కాయ నిలవదు. ఇన్ని లెక్కలు వేసుకున్న రైతు చివరికి అగ్గిపుల్ల గీస్తాడు, లేదా పొలం ఖాళీగా వదిలేస్తాడు. మా వైపు ఎక్కువమంది రెండో పనే చేస్తున్నారు. కాల్చిన పొలం పొగ సిటీ దాకా కనిపిస్తుంది కాబట్టి వార్త అవుతుంది, ఖాళీగా పడున్న పొలం ఎవరి కంటా పడదు.

దీనికి మందు లేకపోలేదు. గడ్డి అలాగే ఉండగా, దున్నకుండా, నేలలో సన్నటి చాలు మాత్రం చీల్చి విత్తనం, ఎరువు వేసి మూసేసే డ్రిల్లులు ఉన్నాయి. ప్రపంచంలో వీటికి చాలా ఏళ్ళ చరిత్ర ఉంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో హ్యారీ యంగ్ అనే రైతు 1962లో ఎకరం కూడా లేని ముక్కలో దున్నకుండా పంట పెట్టి చూశాడు, బ్రెజిల్‌లో హెర్బర్ట్ బార్ట్స్ అనే రైతు 1972లో మొదలుపెట్టాడు, ఇవాళ ఆ దేశాల్లో కోట్ల ఎకరాలు అలాగే సాగవుతున్నాయి. మన దేశంలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల సాయంతో 2000 తర్వాత హ్యాపీ సీడర్ తయారు చేశారు. ట్రాక్టర్ ఇంజిన్ శక్తితో తిరిగే చిన్న కత్తులు ముందుండి గడ్డిని నరుకుతాయి, వెనకున్న కర్రు చాలు తీసి గోధుమ విత్తుతుంది, నరికిన గడ్డి మళ్ళీ విత్తిన చాలు మీదే పడి కప్పులా ఉండిపోతుంది. ఆలోచన చాలా గొప్పది. ఆ గడ్డి కప్పు పదునుని ఆపుతుంది, కలుపుని అణుస్తుంది, కుళ్ళి నేలకి బలం ఇస్తుంది.

అయితే ఆ మిషన్‌ని యథాతథంగా లారీ మీద తెచ్చి మా మడిలో దింపితే పని జరగదు. ఇది చెప్పకుండా సబ్సిడీ ఇస్తున్నాం, కొనుక్కోండి అంటే రైతు డబ్బు పోతుంది, పద్ధతికే చెడ్డ పేరు వస్తుంది. దానికి కనీసం 45, 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ కావాలి. అంత బరువు ట్రాక్టర్, దాని వెనక ఇంకో అరటన్నుకి పైగా ఇనుము, కోత అయిన వారానికి మా పల్లపు మడిలో దిగితే దిగబడుతుంది. పంజాబ్‌లో ఒక్కో పొలం ఎకరాల కొద్దీ లెవెల్ చేసి ఉంటుంది. మా దగ్గర పదిహేను సెంట్లు, ఇరవై సెంట్ల మడులు, ప్రతి మడికీ గట్టు, తిరగడానికి చోటే ఉండదు. వాళ్ళు గోధుమకి పెట్టుకున్న చాళ్ళ దూరం మినుముకి దగ్గర, మొక్కజొన్నకి మరీ దగ్గర.

పోనీ కత్తులు లేని మామూలు జీరో టిల్ డ్రిల్ చాలు కదా అంటారు. మా ఊళ్ళో ఒకసారి డెమో పెట్టారు, ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం, వాళ్ళ ఉద్దేశం మంచిదే. మిషన్ వంద అడుగులు వెళ్ళకుండానే కర్రులన్నిటి ముందూ గడ్డి పోగుపడి దంతెతో లాగినట్టు మొత్తం ఊడ్చుకుంటూ వచ్చేసింది, విత్తనం ఆ పోగుల మీద పడింది. డ్రైవర్ దిగి చేత్తో గడ్డి లాగడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ ఆగడం. చూడ్డానికి వచ్చిన రైతులు ఇది మన పొలాలకి పనికిరాదు అనేసి వెళ్ళిపోయారు. ఆ మాట నాకు చాలా బాధేసింది, ఎందుకంటే లోపం పద్ధతిలో లేదు. కొయ్యకాళ్ళు నేలలో పాతుకుని నిలబడి ఉంటే కర్రు వాటి మధ్యలోంచి సులువుగా పోతుంది. ఆపేది నేల మీద వదులుగా, బారుగా పడున్న గడ్డి. అంటే ఆ డెమో పాడైంది విత్తే రోజున కాదు, దానికి వారం ముందు కోత రోజున.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే ఎడిటర్ గారూ. విత్తే మిషన్ పని కోత మిషన్ దగ్గరే మొదలవుతుంది. పంజాబ్ వాళ్ళకి ఇది ఆలస్యంగానైనా అర్థమైంది, 2018లో కోత మిషన్ల వెనక సూపర్ ఎస్‌ఎంఎస్ అనే పరికరం తప్పనిసరి చేశారు, అది గడ్డిని ముక్కలు చేసి పొలమంతా సమానంగా విసురుతుంది. అది లేకుండా హ్యాపీ సీడర్ కూడా గడ్డి బారుల దగ్గర తడబడుతుంది. మా వైపు తిరిగే చిన్న చైన్ మిషన్లకి అంత పెద్ద పరికరం మొయ్యడం కష్టమే, కానీ ముక్కలు చెయ్యకపోయినా కనీసం గడ్డిని రెండు పక్కలకీ చిమ్మే తిరుగుడు పళ్ళేలైనా పెట్టొచ్చు, కొన్ని మోడళ్ళకి గడ్డి కోసే పెట్టె కంపెనీ నుంచే వస్తుంది. మిషన్ ఓనర్లు పెట్టించుకోరు, ఎందుకంటే డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది, రైతు దానికి అదనంగా డబ్బు ఇవ్వడు. రైతు ఎందుకు ఇవ్వడంటే తర్వాత దానితో ఏం లాభమో అతనికి ఎవరూ చూపించలేదు. ఇక్కడ ముడిపడి ఉంది, ఇక్కడే విప్పాలి.

ఇక డ్రిల్ విషయం. మా మడులకి పనికొచ్చేది ఎలా ఉండాలో కాస్త వివరంగా రాస్తాను, ఎవరైనా తయారుచేసేవాళ్ళు, అధికారులు చదువుతారేమో అని ఆశ. ముప్పై, ముప్పై అయిదు హార్స్‌పవర్ ట్రాక్టర్ లాగగలిగేలా అయిదారు చాళ్ళకి మించకుండా ఉండాలి. కర్రులన్నీ ఒకే కమ్మీ మీద పక్కపక్కన ఉంటే గడ్డి ఇరుక్కుంటుంది, ముందొక వరస వెనకొక వరస, వీలైతే మూడు వరసలుగా పెట్టి, ఫ్రేమ్ నేలకి బాగా ఎత్తులో ఉంటే గడ్డి మధ్యలోంచి జారిపోతుంది. ప్రతి కర్రు ముందూ గడ్డి కోసే పదునైన చక్రం ఉండాలి. ఈ చక్రం గురించి ఒక జాగ్రత్త ఉంది. గడ్డి తడిగా, నేల మెత్తగా ఉంటే చక్రం గడ్డిని కొయ్యదు, పోచ రెండుగా మడతపడి చాల్లోకి దిగిపోతుంది, విత్తనం ఆ మడత మీద కూర్చుంటుంది, మట్టి తగలదు, మొలవదు. మొలిచినా అక్కడ గడ్డి కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లాలు లేత వేరుని దెబ్బతీస్తాయి. అందుకని చక్రం వాడే చోట పొద్దున్నే మంచులో మిషన్ దింపకూడదు. నేల మరీ ఆరిపోయినా కష్టమే, బంక మట్టి గట్టిపడితే తేలిక మిషన్ చక్రం లోపలికి దిగదు. రైతు కాలితో నొక్కి చూసి, అడుగు దిగబడకుండా అచ్చు మాత్రం పడే పదునులో విత్తుకోవాలి. కోత అయ్యాక ఆ పదును కొన్ని రోజులే ఉంటుంది, ఆ రోజుల్లో మిషన్ ఊళ్ళో ఉండాలి, పొరుగు మండలంలో ఉంటే లాభం లేదు.

విత్తనం పడ్డాక వెనక నొక్కుడు చక్రం చాలా ముఖ్యం, చవక డ్రిల్లుల్లో దాన్నే తీసేస్తున్నారు. చాలు తెరుచుకునే ఉంటే గింజ ఎండిపోతుంది, లేదా పిట్టలు, చీమలు ఎత్తుకుపోతాయి. మినుముకి మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు చాలు. గింజ పడే పళ్ళెం మార్చుకుంటే అదే మిషన్‌తో మొక్కజొన్న కూడా పెట్టుకోవచ్చు. గుంటూరు వైపు వరి మాగాణుల్లో దున్నకుండా మొక్కజొన్న వేసి మంచి దిగుబడులు తీస్తున్నారు, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ వేస్తున్నారు, అయితే చాలాచోట్ల ఇంకా కర్రతో గుంత పెట్టి చేత్తో గింజ వేస్తున్నారు. ఆ నడుం నొప్పి పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. డ్రిల్ వస్తే ముందు వాళ్ళకి కాస్త తెరిపి.

గడ్డి పొలంలోనే ఉంచేస్తే పశువులకి మేత ఎలా అని మా ఊళ్ళోనే అడుగుతారు, సరైన ప్రశ్నే. పాడి ఉన్నవాళ్ళు గడ్డి వదులుకోకూడదు. బేలర్‌తో కట్టలు కట్టి తీసేసుకుంటే పొలంలో కొయ్యకాళ్ళు మాత్రమే మిగులుతాయి, అప్పుడు మామూలు జీరో టిల్ డ్రిల్ కూడా హాయిగా నడుస్తుంది, సిటీ చుట్టుపక్కల పాడి రైతులకి గడ్డి కూడా దొరుకుతుంది. పశువులు లేని ఇల్లు ఇప్పుడు ఊరికి సగం పైనే, వాళ్ళ పొలాల గురించే నా బాధ. టన్ను వరి గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల దాకా పొటాష్ ఉంటాయని శాస్త్రవేత్తల లెక్క. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాల్లో కలిసిపోతుంది, పొటాష్ బూడిదలో ఉన్నా గాలికి కొంత, వానకి కొంత పోతుంది. ఆ పొటాషే మళ్ళీ బస్తా కొని వేస్తాం, ధర ఎంతుందో రైతుకి చెప్పక్కర్లేదు.

గడ్డిని రోటావేటర్‌తో మట్టిలో కలపడం కన్నా పైన ఉంచి విత్తడమే మేలు అని నా అభిప్రాయం. పచ్చి గడ్డి మట్టిలో కలిస్తే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ముందు నేలలో ఉన్న నత్రజనిని లాక్కుంటాయి, ఆ నెల రోజులూ పైరు పసుపు తిరుగుతుంది. పైన ఉంటే ఆ పోటీ చాలా తక్కువ. మొక్కజొన్నకి మాత్రం విత్తేటప్పుడే కొంచెం ఎక్కువ నత్రజని ఇవ్వాలి, మినుము, పెసరలకి అంత భయం లేదు.

కలుపు మందుల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దున్నకుండా సాగు అంటే చాలామంది విత్తే ముందు పారాక్వాట్ కొట్టి పొలం మాడ్చేస్తున్నారు. పారాక్వాట్ మింగితే విరుగుడు లేదు, ఎంతమంది ప్రాణాలు పోయాయో పల్లెల్లో అందరికీ తెలుసు. దట్టంగా, సమానంగా గడ్డి కప్పు ఉంటే కలుపు సగం అక్కడే ఆగుతుంది, మందు అవసరం తగ్గుతుంది. అందుకు కూడా గడ్డి సమానంగా పరుచుకోవాలి, బారుల మధ్య ఖాళీ నేలలో కలుపు దర్జాగా లేస్తుంది. గడ్డి కప్పు కింద ఎలుకలు చేరతాయి, ఇది నిజం, గట్లు శుభ్రంగా ఉంచి మొదట్లోనే ఊరంతా కలిసి ఎర పెట్టుకోవాలి, ఒక్క రైతు పెడితే లాభం లేదు.

2016 నుంచి మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పేరుతో ఆచ్ఛాదన, నేలని ఎప్పుడూ కప్పి ఉంచడం గురించి ఊరూరా చెప్తున్నారు. అనకాపల్లి వైపు చెరకు రైతులు వర్షాధారపు తోటల్లో ఎకరాకి టన్ను పైన చెరకు చెత్త పరవడం ఎప్పటి నుంచో తెలిసినవాళ్ళు, అక్కడి పరిశోధన స్థానం కూడా అదే చెప్తుంది. మరి వరి పొలంలో ఊరికే వచ్చిన ఆచ్ఛాదన పొలంలోనే పడుంది. ప్రకృతి వ్యవసాయం చూసే విభాగం, యంత్రాలు చూసే విభాగం ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఈ పని ఎప్పుడో అయిపోయేది.

డబ్బు విషయానికి వస్తే, 2018లో కేంద్రం పంట వ్యర్థాల యంత్రాల కోసం ప్రత్యేక పథకం పెట్టింది, పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ ప్రాంతానికి, రైతుకి 50 శాతం, అద్దె కేంద్రాలకి 80 శాతం సాయంతో. ఢిల్లీ గాలి కోసం ఆ డబ్బు వచ్చింది, రావాల్సిందే. మనకి వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం ఉంది, అందులో జీరో టిల్ డ్రిల్లులకి సబ్సిడీ వస్తుంది. నా మనవి ఏమిటంటే ఆ సబ్సిడీతో ఒక్కో రైతుకీ ఒక్కో మిషన్ అంటగట్టకండి, ఏడాదిలో రెండు వారాలు వాడే ఇనుము మిగతా రోజులు పాకలో తుప్పు పడుతుంది. రైతు సేవా కేంద్రాల పరిధిలో, రెండు మూడు ఊళ్ళకి ఒకటి చొప్పున అద్దె కేంద్రాలకి ఇవ్వండి, దాన్ని నడిపే కుర్రాళ్ళకి చాళ్ళ దూరం, లోతు, గింజ పళ్ళెం మార్చడం నేర్పండి. నేర్పకపోతే ఎంత మంచి మిషన్ అయినా మా ఊరి డెమో లాగే అవుతుంది. కోత మిషన్లకి గడ్డి చిమ్మే పరికరం పెట్టించుకున్న ఓనర్లకి కూడా ఆ సబ్సిడీలో వాటా ఇవ్వండి. అద్దె రేటు ఎకరాకి ముందే ప్రకటించండి, సీజన్‌లో ఇష్టం వచ్చినట్టు పెంచకుండా.

యూనివర్సిటీ, కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్ళకి ఇంకొక మాట. ట్రయల్స్ మీ ఫారంలో, శుభ్రంగా చదును చేసిన మళ్ళలో చెయ్యకండి. అద్దె చైన్ మిషన్ కోసిన పొలంలో, దాని చైన్ల గాడులు ఉన్నచోట, గడ్డి ఎలా పడితే అలాగే ఉన్నచోట చెయ్యండి. పక్కనే గడ్డి పరిచిన మడిలో కూడా అదే డ్రిల్ నడపండి. తేడా రైతు కళ్ళతో చూస్తాడు, ఇంక ఉపన్యాసం అక్కర్లేదు.

ఈ డిసెంబరులో ఆ పని చెయ్యడానికి ఎవరు ముందుకొచ్చినా మా ఊళ్ళో పక్కపక్కనే ఉన్న మడులు ఇవ్వడానికి నేను, ఇంకా కొంతమంది రైతులు సిద్ధంగా ఉన్నాం. ట్రాక్టర్ మాదే, డీజిల్ మేమే పోసుకుంటాం, విత్తనం మేమే తెస్తాం. కోతకి వారం ముందు చెప్తే చాలు, హార్వెస్టర్ అతనితో మాట్లాడి ఒక మడిలో గడ్డి పరిపిస్తాం, ఇంకో మడిలో బారుగా వదిలేయిస్తాం. వచ్చేవాళ్ళు పొద్దున పది దాటాక రండి, అప్పటికి గడ్డి మీద మంచు ఆరుతుంది, చక్రం కోస్తుందో లేదో సరిగ్గా తెలుస్తుంది.

ఇట్లు,
ఒక వరి రైతు,
పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా